ఖాళీ బండి కొలత

2 ఫిబ్రవరి 1997, ఆదివారం

నువ్వు దొంగవి. పరాయివాడి ట్రంకుపెట్టె తెరిచి, అడుగున పాత బైబిలు కింద పెట్టిన నోటుపుస్తకం తీసి చదివేవాణ్ని ఇంకేమంటారు? మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మా నాయన బైబిలు వాక్యం చదివించి నేర్పాడు. నా భార్య మంగతాయి మరాఠీ బడిలో చదివింది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, రాస్తే అక్షరం గుర్తుపట్టదు. కాబట్టి నువ్వు బయటివాడివి. బయటివాడివైతే ఈ పొద్దున నువ్వూ అక్కడే ఉన్నావు. వినాయక్ పికప్ చుట్టూ రెండుసార్లు తిరిగావు. బానెట్ మీద చెయ్యి వేసి చూశావు. మొన్నటిదాకా నా యూనియన్ కరపత్రం పట్టుకుని "నిజమే తిమోతన్నా" అని తలాడించినవాడివి. లేదనకు.

పద్మాపూర్ బొగ్గుగని కాలనీలో సగం మంది అక్కడే ఉన్నారు. ప్రార్థన ముగించుకుని వచ్చినవాళ్లు ఇళ్లకు పోకుండా అటే నడిచారు.

వినాయక్ గని టైర్ సెక్షన్‌లో పద్దెనిమిదేళ్లు నా కింద పని చేశాడు. రాజురా వైపు కాపు పిల్లవాడు. వచ్చినప్పుడు టైర్‌లోంచి గాలి ఎలా వదలాలో తెలియదు. బొగ్గు మోసే డంపర్ లారీ టైర్ మనిషి కన్నా ఎత్తుంటుంది, దాని ముందు నిలబడటానికే భయపడేవాడు. నేను నేర్పాను. ఆరు నెలల కింద స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టి పోయాడు. దానికి వ్యతిరేకంగా నేను నాలుగు కరపత్రాలు రాశాను. "ఇది స్వచ్ఛందమూ కాదు, విరమణా కాదు" అని మొదలవుతుంది ఒకటి. బాగా రాశాను. అయినా పోయాడు, పోయి ఆ డబ్బుతో పికప్ కొన్నాడు.

కొత్త పికప్ ఖాళీగా ఉంటే వెనక ఎత్తుగా, ముందు వంగి ఉంటుంది. బరువు మోయాలని వెనక స్ప్రింగు కమాన్లు గట్టిగా వేస్తారు కదా. వినాయక్ ముందు కమాన్లలో అదనంగా ఒక పట్టా, దాని మీద రెండంగుళాల దిమ్మ వేయించి ముక్కు పైకెత్తించాడు. ఇప్పుడు బండి ముందూ వెనకా ఒకే ఎత్తు. ఎందుకురా అని నేనే అడిగాను. అందరి ముందూ చెప్పాడు.

"పద్దెనిమిదేండ్లు వంగిన అన్నా. సాహెబ్ కాడ వంగిన, జీతం కిడికీ కాడ వంగిన. ఇగ నా బండెందుకు వంగాలె?"

జనం చప్పట్లు కొట్టారు. మంగతాయి నవ్వింది. పళ్లు కనిపించేలా.

అది నేను రాయవలసిన వాక్యం. ఇరవై ఆరేళ్లుగా ఈ గనిలో రాస్తున్నాను. వాడు బండి కడుగుతూ అనేశాడు.

3 ఫిబ్రవరి

బండిని ఎత్తితే మనిషి ఎత్తవుతాడా? ఇది ఆలోచించాల్సిన విషయం. అసూయ కాదు.

4 ఫిబ్రవరి

మంగతాయి బజారు నుంచి పికప్‌లో వచ్చి నవ్వుతూ దిగింది. ముందు సీటు. నేను కిటికీ దగ్గర లేను, పనుండి అటు వెళ్లాను. ఆమెకూ అదే చెప్పాను.

6 ఫిబ్రవరి, గురువారం

నా షిఫ్టు రెండింటికి. పొద్దున్నే వినాయక్ వచ్చాడు. ముందు భాగం ఎత్తాక పాత టైర్లు చిన్నవిగా కనబడుతున్నాయట, మడ్‌గార్డు కింద ఇంత ఖాళీ ఉందట. చంద్రపూర్ పోయి కొత్తవి వేయించాలి.

"నువ్ రావాలె అన్నా. టైర్ ముచ్చట నీకు తెల్వకుంటే ఇంకెవలకు తెలుస్తది?"

వెళ్లాను. ఎందుకు వెళ్లానో రాసుకుంటాను: వాడు అడిగాడు కనక. టైర్ అంటే నా పని కనక. వేరే కారణం ఏదీ లేదు.

బాపురావు దుకాణంలో మూడు సైజులు గోడకు ఆనించి పెట్టారు. బండితో వచ్చినది ఆరున్నర - పదహారు. అంటే వెడల్పు ఆరున్నర అంగుళాలు, పదహారంగుళాల రిమ్ముకు ఎక్కుతుంది. దాని పక్కన ఏడు - పదహారు. ఆ పక్కన ఏడున్నర - పదహారు. ఒక్కో సైజుకు ఇరుసు అర అంగుళం పైకి లేస్తుంది. ఏడున్నర టైర్ పాత రిమ్ముకు సరిగ్గా కూర్చోదు, మధ్యలో ఉబ్బి నడుమ ఒక్కటే అరుగుతుంది. దానికి ఆరంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. బాపురావు దగ్గర ఉన్న వెడల్పు రిమ్ములు చక్రాన్ని బయటికి నెడతాయి. బయటికి వచ్చిన చక్రం స్టీరింగ్ తిప్పినప్పుడు మరింత పెద్ద వంపు తిరుగుతుంది, మడ్‌గార్డు అంచు మీదికి పోతుంది.

నేను మూడింటినీ ఒక్కసారి చూసి జవాబు తెలుసుకున్నాను. ఏడు - పదహారు, పాత రిమ్ము. అంతే. కళ్లు మూసుకుని చెప్పగలను.

వినాయక్ ఏడున్నర దగ్గర నిలబడి దాని గీతల మీద వేలు పెట్టి చూస్తున్నాడు.

"భావు, చంద్రపూర్ల ఇప్పుడు సబ్ లోగ్ ఇదే అడుగుతుండ్రు," అన్నాడు బాపురావు. "ఇది వేస్తే బండి బండి లెక్క ఉంటది. అది వేస్తే పాలోని బండి."

"పాలోని బండైతే ఏం తక్కువ?" అన్నాను నేను.

"ఏం తక్కువ లేదు కాకా. పాలు మోస్తది."

వినాయక్ నవ్వాడు. బాపురావు నవ్వాడు. నేను నవ్వలేదు.

ముందు చక్రాలకు వెడల్పు రిమ్ములతో ఏడున్నర ఎక్కించారు. వినాయక్ స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి కిందికి దిగి టైర్‌కూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు పెట్టాడు. మూడు వేళ్ల సందు. రెండో పక్క తిప్పాడు. మూడు వేళ్లే.

"తాకుతదా అన్నా?"

బండి ఖాళీగా ఉంది. నేల చదునుగా, సిమెంటు చేసి ఉంది. లోడ్ పడాలి, దిగుడులో బ్రేక్ కొడితే ముక్కు కిందికి రావాలి, చక్రం గుంటలో పడి ఎగిరిరావాలి, ఆ క్షణాన స్టీరింగ్ తిప్పి ఉండాలి. అప్పుడు చూడాలి ఆ మూడు వేళ్లు ఎటు పోతాయో. రేకు అంచు టైర్ పక్కగోడను కోస్తుంది. ముందు టైర్ పక్కగోడ తెగితే బండి ఎలా బోల్తా పడుతుందో మా సెక్షన్‌లో గోడ మీద బొమ్మ వేసి ఉంది.

"నీ చేతికి తెలుస్తలేదా?" అన్నాను.

తాకదనుకుని వాడు తల ఊపాడు. బాపురావు వెనకవి కూడా ఎక్కించాడు.

7 ఫిబ్రవరి

నేను అబద్ధం చెప్పలేదు.

8 ఫిబ్రవరి

నేను చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే చూపించండి. వాడి చేతికి తెలుస్తోందా లేదా అని అడిగాను. అది ప్రశ్న. ప్రశ్న అబద్ధం ఎలా అవుతుంది?

9 ఫిబ్రవరి, ఆదివారం

ఆ టైర్లను తీసిపారేయదగ్గ చిన్న విషయం అనుకోకూడదు. ఈ ఆరేళ్లుగా దేశానికి పట్టిన జబ్బు అక్కడ కనబడుతుంది. అవసరం ఎంత అని ఎవడూ అడగడు, ఎంత పెద్దది దొరుకుతుంది అని అడుగుతాడు. నిన్నటిదాకా స్కూటర్ కోసం ఎదురుచూసినవాడు ఈ రోజు రంగుల టీవీ ఏ సైజు అని అడుగుతున్నాడు. యూనియన్ వదిలి, కలిసి నడవడం వదిలి, ఒక్కొక్కడూ ఒక్కో స్టీరింగ్ వెనక కూర్చుంటే శ్రమజీవి విముక్తి అని చెబుతున్నారు. మార్కెట్‌లోకి పోతానన్నవాడికి మార్కెట్టే పాఠం చెప్పాలి. నేను చెప్పడం ఎందుకు? ఉచితంగా సలహా ఇవ్వడం కూడా వాడు వదిలిపోయిన పాత వ్యవస్థే కదా.

దీన్ని కరపత్రంగా రాయవచ్చు. మంగతాయికి చదివి వినిపించాను. ఆమె వాకిట్లో ఎండుమిర్చి తొడిమలు తీస్తోంది. ఆమె, కాలనీలో ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లు కలిసి కారం, పసుపు దంచి పొట్లాలు కట్టి అమ్ముతారు.

"గిది ఎవల మీద రాసినవ్?" అంది.

"వ్యవస్థ మీద."

"వ్యవస్థకు పికప్ ఉన్నదా?"

నేను కాగితం మడిచాను. ఆమె తొడిమలు చేటలోంచి ఎగరేసి, తల ఎత్తకుండానే అంది:

"అచ్చు వేస్తె ఎక్కువ వేయి. పోయినసారివి ఒడిసినయ్. నీ కాయిదం మందంగుంటది, కారం బయటికి రాదు."

నాలుగు కరపత్రాలూ పొట్లాలయ్యాయని నాకు ఈ రోజే తెలిసింది.

"వినాయక్ ఏమన్నాడని మొన్న అంతగా నవ్వినవ్?" అని అడిగాను.

"ఎన్నడు?"

"బండి దిగేటప్పుడు."

"నువ్ కిటికీ కాడ లేవు గదా," అంది.

11 ఫిబ్రవరి

టీ వేళకు ఇస్తారి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇస్తారి మా సెక్షన్‌లో నాకన్నా పెద్దవాడు, ఫిట్టరు, ఎవరి పక్షమూ తీసుకోడు. యూనియన్ ఆఫీసులో బోర్డు మీద ఎవడో సుద్దముక్కతో "ఇగ ఎందుకు వంగాలె?" అని రాశాడట. ఎవరూ చెరపడం లేదట.

"అది వినాయక్ మాట," అన్నాను.

"ఎవలదైతేంది, మంచిగున్నది." టీ ఊదుకున్నాడు. తర్వాత అన్నాడు: "గా టైర్లు నువ్వే సూసి వేయించినవట గదా."

"ఎవలు చెప్పిండ్రు?"

"వాడే. ఊరంత చెప్తుండు. తిమోతన్న వచ్చి చూసిండు, ఇగ నాకు భయం లేదంటుండు. ఇరవై ఆరేండ్లల్ల తిమోతన్న చెయ్యి పడ్డ టైర్ పగుల్లేదు అంటుండు."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

వాడు నా పేరు ఎందుకు వాడుకోవాలి? నన్ను అడిగాడా? ఇది కూడా ఒక దోపిడీయే.

12 ఫిబ్రవరి

తెల్లకాగితం ముందు కూర్చున్నాను. "వినాయక్, ఏడు - పదహారు వేయించు" అని రాశాను. ఆరు మాటలు కూడా లేవు. చించేశాను. కరపత్రానికి అది మరీ చిన్నది.

13 ఫిబ్రవరి

శనివారం మంగతాయి వాళ్లు వరోరా సంతకు పోతున్నారు. తొమ్మిది మంది ఆడవాళ్లు, పన్నెండు బస్తాలు, వినాయక్ పికప్‌లో. ఇన్నాళ్లూ బస్సు మీద ఒక్కో బస్తా ఎక్కించుకుని, కండక్టరుతో తిట్లు తిని పోయేవాళ్లు. ఈసారి అంతా ఒకేసారి. అన్నం పెడుతూ చెప్పింది. ముఖం వెలిగిపోతోంది.

"పోవద్దు," అన్నాను.

"ఎందుకు?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెబితే దాని వెనక తేదీ వస్తుంది. ఎప్పుడు తెలిసింది అని అడుగుతుంది. అందుకని వేరే మాట చెప్పాను.

"పరాయి మొగోని బండిలో ఎందుకు పోవుడు?"

మంగతాయి గరిటె గిన్నెలో పెట్టింది.

"ఇరవై ఏండ్ల సంది మైకుల ఆడోళ్ల హక్కులని చెప్పుకుంట వస్తివి. నేను కింద కూసోని ఇన్నా. గదంతా ఎవలకు చెప్పినవ్? బయటి ఆడోళ్లకా, ఇంట్ల ఆడిదానికి కాదా?"

"అది కాదు."

"మరేంది? చెప్పు. అదిగాకుంటె ఏందో చెప్పు."

చెప్పలేదు. మొగుడు అనుమానపు మనిషి అని ఆమె అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. అది నాకు నయంగా అనిపించింది. ఆ తేదీ బయటపడటం కన్నా నయంగా.

14 ఫిబ్రవరి

పొద్దుటి షిఫ్టు దిగి వినాయక్ ఇంటికి పోయాను, చెప్పేద్దామనే. ఈ వాక్యం నిజం. నోట్లో మాట తయారుగా ఉంది.

వాడు పికప్ వెనక తలుపు మీద అక్షరాలు రాయిస్తున్నాడు. ఎరుపు మీద పసుపు. "ఎందుకు వంగాలె?" అని మరాఠీ లిపిలో. పెయింటరు ఒక్కో అక్షరం దిద్దుతుంటే వాడు బీడీ పట్టుకుని పక్కన నిలబడి మురిసిపోతున్నాడు. నా మాటకు ఈ ఇరవై ఆరేళ్లలో ఒక్క గోడ మీద కూడా పసుపు రంగు పడలేదు.

"కూసో అన్నా, చాయ్ తాగు."

"లోడ్ వేసి చూసినవా?" అన్నాను. అంతవరకూ వచ్చింది నోటికి.

"దేనికి?"

"టైర్ సందు."

వాడు వింతగా చూశాడు. "లోడ్ బండి కాడ టైర్ మనిషి కొలతలు తీసుడేంది అన్నా? నువ్వే నేర్పితివి గదా. మొదటిరోజు. ఖాళీ చేసినంకనే టైర్ మనిషి బండి కాడికి పోవాలె, లేకుంటె సస్తవ్ అన్నవ్. నా చెవి మెలేసి చెప్పినవ్."

నిజమే. గనిలో లోడ్‌తో ఉన్న డంపర్ టైర్ సెక్షన్‌లోకి రాదు. ఖాళీ చేశాకే మా దగ్గరికి వస్తుంది. మా ఇద్దరి చేతులూ ఎప్పుడూ ఖాళీ బండినే కొలిచాయి. డంపర్‌కు అది ప్రాణం కాపాడే నియమం. పికప్‌కు అదే తప్పు. వాడు నిర్లక్ష్యం చేయలేదు. నేను నేర్పింది నేర్పినట్టు చేశాడు.

నేను అప్పుడు చెప్పాలి. పెయింటరు చివరి అక్షరానికి పైన గీత గీశాడు. వినాయక్ నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిగున్నదా అన్నా, నువ్ రాసెటోనివి, నువ్ చెప్పు" అన్నాడు.

"బాగుంది" అని చెప్పి వచ్చేశాను. చాయ్ తాగలేదు.

15 ఫిబ్రవరి, శనివారం

ఇది పొడుగ్గా రాయాలి.

ఏడింటికి బస్తాలు ఎక్కించారు. ఆడవాళ్లు కొత్త చీరలు కట్టుకున్నారు. లస్మవ్వ అందరికన్నా పెద్దది, ఆమెను ముందు సీట్లో కూర్చోమంటే ఒప్పుకోలేదు. "నేను ఎన్క కూసోని అందర్ని సూసుకుంట పోత" అంది. ఒక్కొక్కళ్లూ వెనక చక్రం మీద కాలు పెట్టి ఎక్కుతున్నారు. నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. మంగతాయి చివరన వచ్చింది. రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. చీర కుచ్చెళ్లు పట్టుకుని టైర్ మీద పాదం పెట్టింది.

"ఆగు," అన్నాను.

అందరూ ఆగారు. మంగతాయి మాత్రం ఆగలేదు, ఎక్కి బస్తా మీద కూర్చుంది. "ఆయన మాట పట్టించుకోకుర్రి. పోనియ్ వినాయక్," అంది.

నేను బండికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

"ఏందన్నా ఇది, అందరి ముందర," అన్నాడు వినాయక్ కిటికీలోంచి. వాడి మొహంలో మొదటిసారి కోపం చూశాను. మంగతాయి వాడికి ఏదో చెప్పే ఉంటుంది.

"స్టీరింగ్ ఎడమకు తిప్పు. నిండా తిప్పు. తిప్పి ఆ రాయి మీదికి ఎక్కించు."

కాలువ పక్కన ఒక పెద్ద రాయి ఉంది, గుంటలో పడి లేచినంత ఎత్తు. వాడు నన్ను తిట్టుకుంటూనే మొదటి గేరులో మెల్లగా ఎక్కించాడు. చక్రం పైకి లేచింది. కర్రుమని శబ్దం వచ్చింది. ఆడవాళ్లు బస్తాలు పట్టుకున్నారు.

"దిగి చూడు."

వాడు దిగాడు. మూడు వేళ్లు పెట్టబోయాడు. వేలు కాదు కదా, కాగితం కూడా దూరదు. మడ్‌గార్డు రేకు అంచు టైర్ పక్కగోడలోకి దిగి ఉంది. బండి వెనక్కి తీయించాక చూశాం. పక్కగోడ మీద చంద్రవంకలా నల్లగా కోసుకుపోయిన గీత, లోపలి దారం కనిపించేంత. నడక కన్నా నెమ్మదిగా పోతేనే అంత.

వినాయక్ ఆ గీత మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. లస్మవ్వ పైనుంచి "ఏమైందిరా, ఏమైంది" అంటోంది.

"ఏడు - పదహారు వేయాలి," అన్నాను. "పాత రిమ్ముల మీద. నీ కమాను పట్టా ఉండనియ్, ఎత్తు ఉండనియ్. టైర్ మార్చు."

వాడు తల ఎత్తాడు.

"నీకెప్పుడు తెల్సు అన్నా?"

ఇప్పుడే చూశాను అని చెప్పవచ్చు. శబ్దం విన్నాక తెలిసింది అని చెప్పవచ్చు. ఎవరికీ అనుమానం రాదు. పైగా వాళ్లను కాపాడినవాణ్ని అవుతాను, ఈ సాయంత్రానికి యూనియన్ బోర్డు మీద నా పేరు ఉండేది. అదంతా నా తలలోకి వచ్చింది. వచ్చిందని రాసుకుంటున్నాను.

"తొమ్మిది రోజుల కింద," అన్నాను. "దుకాణంల."

వినాయక్ లేచి, ప్యాంటుకు చేతులు తుడుచుకుని, "నేను తప్పు జేస్తె చెప్తవనే నిన్ను తోల్కపోయిన," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

మంగతాయి బస్తా మీంచి దిగింది. అందరూ దిగారు. బస్తాలు దింపుకుని, ఎనిమిదింటి బస్సుకు తలా ఒకటి మోసుకుంటూ పోయారు. నేను ఒక బస్తా ఎత్తబోతే లస్మవ్వ నా చేతిలోంచి లాక్కుంది. మూడు బస్తాలు మిగిలిపోయాయి, మా వాకిట్లోనే ఉన్నాయి.

16 ఫిబ్రవరి, ఆదివారం

తొమ్మిది మంది ఆడవాళ్లూ, వినాయక్, ఇస్తారి మా వాకిట్లో కూర్చున్నారు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. నేను మొదలుపెట్టబోయాను, నా మీద నేను విమర్శ చేసుకోవాలని, కొన్ని మాటలు అనుకుని కూడా ఉన్నాను. మంగతాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్ మాట్లాడకు. నీకు రాసుడు వస్తది గదా, రాయి. మేం చెప్పినట్టే రాయి, నీ మాటలు కలపకు. రాసినంక సదివి వినిపియ్యాలె."

రాశాను. రెండుసార్లు చదివించుకుంది. నాలుగోదాని దగ్గర నేనొక మాట మారిస్తే ఇస్తారి పట్టుకున్నాడు, కొట్టేయించాడు. వాళ్లు చెప్పింది ఇది:

1. బుధవారం లోపల ఏడు - పదహారు టైర్లు ఎక్కియ్యాలె. తిమోతి తన చేతులతోటి ఎక్కియ్యాలె.

2. కొలత లోడ్ వేసి తియ్యాలె. స్టీరింగ్ రెండు దిక్కుల తిప్పాలె. చక్రం రాయి మీద పెట్టాలె. అందరం చూస్తం.

3. దుకాణంల తెల్సిన సంగతి యూనియన్ ఆఫీసుల నోటితోటి చెప్పాలె. కాయిదం అచ్చు వేసుడు లేదు.

4. తెల్సిన మాట తెల్సిననాడే చెప్పాలె. దాని మీద ఎర్రజెండా కప్పొద్దు.

5. మిగిలిన మూడు బస్తాలు తిమోతి బస్సుల వరోరా తీస్కపోయి, సంతల కూసోని అమ్మాలె.

6. బండి కదిలే ప్రతిసారి ముందుగాల తిమోతి వంగి కిందికి దూరి చూడాలె. ఆయన సరే అన్నంకనే ఆడోళ్లు ఎక్కుతరు.